ఐదు సెకన్ల దీపం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా అమ్మ గంగవ్వ రోజుకు రెండుసార్లు అంటుంది, ఆఫీసులో ఎవరూ పైకి అనరు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ వ్యవహారమంతా ఆ కోపంతోనే మొదలైంది. మిషన్ల తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

సూరత్‌లో మగ్గాలకు కంట్రోలర్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. కంట్రోలర్ అంటే ప్రతి మగ్గానికీ పక్కన బిగించిన, టిఫిన్ డబ్బా అంత పెట్టె. పేక దారం తెగితే మగ్గాన్ని ఆపేది, తెగిన ముక్కను బయటికి లాగేసేది, మళ్లీ నడిపించేది అదే. ఆ పెట్టెలో రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి మైక్రోకోడ్. పెట్టెకు ఏయే పనులు చేతనవుతాయో అందులో ఉంటుంది. రెండోది కాన్ఫిగరేషన్, అంటే ఆ పనుల్ని ఎంతసేపు, ఎంత వేగంగా చెయ్యాలో చెప్పే అంకెల పట్టిక. పాండేసరా, బమ్రోలి, ఉన్, సచిన్ చుట్టుపక్కల ఉన్న నాలుగు వందల పన్నెండు కార్ఖానాలకు ఈ రెండింటినీ ఆఫీసులో కూర్చుని పంపించడం నా ఉద్యోగం. నేను పంపింది ముందు కార్ఖానా గోడ మీదున్న పెద్ద పెట్టెకు చేరుతుంది. అక్కడినుంచి ఒక్కో మగ్గానికీ అది పంచిపెడుతుంది. మగ్గం కాసేపు ఆగినప్పుడు కొత్త సరుకు ఎక్కించుకుని, అందిందని తిరుగు కబురు పంపుతుంది. నా తెర మీద ఒక గడి పచ్చబడుతుంది. అన్ని మగ్గాలూ కబురు పంపితే కార్ఖానా గడి పచ్చబడుతుంది. ఇంతకు మించి నాకు ఆ కార్ఖానాలతో పని లేదు.

మా బాపు ఆగయ్య ఆ కార్ఖానాల్లోనే ఒకదానిలో, బమ్రోలిలో, సాంచాలు నడుపుతాడు. మాది సిరిసిల్ల, మా వాళ్లు కరెంటు మగ్గాన్ని సాంచ అనే అంటారు. ముప్పై రెండేళ్లుగా ఆ చప్పుడులో నిలబడి ఆయన చెవులు రెండూ పోయాయి. ఒక్కరోజులో పోలేదు. నా చిన్నప్పుడు టీవీ గట్టిగా పెట్టమనేవాడు, నేను డిగ్రీకొచ్చేసరికి టీవీ వైపు చూడటమే మానేశాడు. ఆ కార్ఖానాలో ఆయన ఈడువాళ్లందరిదీ అదే కథ. వాళ్లకొక చేతి భాష ఉంది. పిడికిలి ఎత్తితే ఆపమని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. బొటనవేలు నోటికి చూపిస్తే చాయ్. మా ఇంట్లో కూడా అదే భాష నడుస్తుంది. అమ్మ మాత్రం ఇప్పటికీ అరుస్తుంది. అరిస్తే ఆయనకు వినపడుతుందని కాదు, అరవకపోతే ఆమెకు తోచదు.

ఇక దీపం సంగతి. ఆగిన మగ్గం తనంతట తాను మళ్లీ కదిలే ముందు పక్కనున్న మనిషికి జాగ్రత్త చెప్పాలి కదా, లేకపోతే మిగిలిపోయిన పోగు తియ్యడానికి దారాల మధ్య చెయ్యి పెట్టినవాడి వేళ్లు నలిగిపోతాయి. మా కంపెనీ పద్ధతిలో దానికి బజర్ ఉంది. ఆఫీసులో మోగించి చూస్తే చెవులు గింగురుమంటాయి. నలభై ఎనిమిది మగ్గాలు నడిచే చోట, దగ్గరగా నిలబడ్డ పడుచువాడికి వినపడుతుంది. మా బాపులాంటివాళ్లకు అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. అందుకని కార్ఖానాల్లో మగ్గాలు బాగుచేసే మిస్త్రీలు మాకు చెప్పకుండా, పెట్టె మీద మీటలు నొక్కి, వేరే ఏర్పాటు చేసుకున్నారు. మగ్గం కదిలే ముందు ఐదు సెకన్లపాటు ఎర్రదీపం మినుకుమంటుంది. దీపం మినుకుతుంటే చెయ్యి తీసెయ్యాలి. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. ఆగయ్య కూతురినై ఉండి కూడా తెలియదు, ఎందుకంటే ఏనాడూ అడగలేదు.

జులైలో కొత్త మైక్రోకోడ్ వచ్చింది. దాన్ని పంపే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: కార్ఖానాల్లో వాళ్లు మార్చుకున్న అంకెల్ని అలాగే ఉంచాలా, చెరిపేసి మన పట్టిక ఎక్కించాలా? మా మేనేజర్ ధీరజ్‌ది గుంటూరు. నెమ్మదస్తుడు, ఏ పనైనా పదిమందిని అడిగి చేస్తాడు. ఆయన నా దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వినోద గారూ, పాతవి ఉంచేద్దామా? ఎందుకొచ్చిన గొడవ?"

ఆ వారం నేను మిస్త్రీలతో ఫోన్లో మూడు పోట్లాటలు వేసుకుని ఉన్నాను. ఒకడు వేగం పెంచేసి బట్ట పాడైందని మమ్మల్ని తిట్టాడు. ఇంకొకడు ఏం నొక్కాడో వాడికే తెలియదు. మూడోవాడు నేను ఆడపిల్లనని ఎవరైనా మగవాడికి ఫోన్ ఇమ్మన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చెరిపేద్దామండీ. ఒక్కో కార్ఖానాది ఒక్కో తీరు. ఎవడికి తోచింది వాడు నొక్కుకుంటూ పోతే మనమెందుకు ఇక్కడ? మొత్తం ఒక్క పట్టిక, అందరికీ ఒకటే."

"ఎవరైనా గోల చేస్తారేమో."

"చేస్తే నాకు ఫోన్ చెయ్యమనండి."

"మీకు ఫోన్ చేసే ధైర్యం ఎవరికుందండీ," అని నవ్వి వెళ్లిపోయాడు ధీరజ్. నేనూ నవ్వాను. ఆ మాట నాకు పొగడ్తలా అనిపించింది.

పట్టికలో ముప్పై ఒకటో గడి ఎర్రదీపానిది. మా పద్ధతిలో బజర్ ఉంది గనక అక్కడ సున్నా ఉంది. నేను దాన్ని చూశాను కూడా. చూసి, కిందికి పోయాను.

సోమవారం పది కార్ఖానాలకు పంపి ఒక రోజు ఆగాం. ఎవరూ కిక్కురుమనలేదు. మంగళవారం మిగతా అందరికీ పంపాను. బుధవారం మధ్యాహ్నానికి నాలుగు వందల పన్నెండు గడులూ పచ్చబడ్డాయి. ఒక్క ఫోన్ రాలేదు. అంతకుముందు ఎప్పుడు ఏది పంపినా రెండు రోజులు తిట్లు తినడం అలవాటైన ప్రాణం నాది, ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ధీరజ్ అందరికీ సూరత్ టిఫిన్ లోచో తెప్పించాడు. నేను రెండు ప్లేట్లు తిన్నాను.

గురువారం పొద్దున బాపు వంటింట్లో దేవుడి అర ముందు నిలబడి ఉన్నాడు. అక్కడ ఎర్రటి జీరో బల్బు ఒకటుంది. దాని స్విచ్చి వేసి చూస్తున్నాడు, ఆపి చూస్తున్నాడు, కాస్త వెనక్కి జరిగి మళ్లీ వేస్తున్నాడు. ఒక కన్ను అరచేత్తో మూసి చూశాడు, తర్వాత రెండో కన్ను. బల్బు పోతోందేమోనని నేను కొత్తది తెస్తానని సైగ చేశాను. వద్దన్నట్టు తల ఊపి వచ్చి పీట మీద కూర్చున్నాడు. చాయ్ గ్లాసు సగం తాగి కింద పెట్టాడు.

"ఇగ సాలు బిడ్డా. శనివారం దాక జేసి బంజేస్త."

ఆయన మెల్లగా అన్నాననుకుంటాడు గాని, పక్కింటివాళ్లకు కూడా వినపడి ఉంటుంది. అమ్మ రొట్టె పెనం మీదే వదిలేసి వచ్చింది.

"ఏమైందయ్యా? ఎవలన్న ఏమన్న అన్నరా? సేఠ్ ఏమన్న అన్నడా?" అని అరిచింది.

ఆయన ఆమె పెదవులు చూసి, "ఎవ్వలేమనలే," అన్నాడు. "రాజేశం గూడ బంజేసిండు. నిన్ననే సిరిసిల్లకు బండెక్కిండు. మోకాళ్లు నొస్తున్నయట. నాకు గూడ సాలనిపిచ్చింది."

రాజేశం ఆయన పక్క వరుసలో సాంచాలు నడిపేవాడు. ఇద్దరూ ఒకే ఏడు సూరత్ వచ్చారు.

నాకు ఎంత సంతోషమైందో దాచుకోను. ఐదేళ్లుగా ఈ ఒక్క విషయం మీద ఇంట్లో యుద్ధం. నా జీతం ఇల్లు గడవడానికి చాలు, ఇంకా ఎందుకు నిలబడతావు బాపూ, అని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. అడిగినప్పుడల్లా ఆయన రెండు చేతులూ చాపి చూపించేవాడు. పది వేళ్లూ ఉన్నాయి, ఇంకా పనికొస్తాను, అని దాని అర్థం. అటువంటి మనిషి తనంతట తానే చాలన్నాడు. నేను లేచి ఆయన మెడ చుట్టూ చేతులేశాను. ఆయన నా వీపు తట్టాడు గాని మొహం గోడవైపే ఉంచాడు. అమ్మ మాత్రం పెనం మీది రొట్టె మాడిపోతున్నా అక్కడే నిలబడి ఆయన్ను చూస్తూ ఉండిపోయింది.

"నాకేందో మంచిగనిపిస్తలేదే," అంది నాతో, ఆయన బయటికి వెళ్లాక. "గీ మనిషి గిట్ల సాలనే రకం గాదు."

"నీకు మంచి జరిగినా అనుమానమే," అని కసిరి ఆఫీసుకు వెళ్లిపోయాను.

శనివారం చివరి డ్యూటీ కదా, తోటివాళ్లకు పంచడానికి రెండు కిలోల ఘారీ మిఠాయి కొనుక్కుని నాలుగింటికి బమ్రోలి వెళ్లాను. భుజాన ఆఫీసు ల్యాప్‌టాప్ సంచి అలాగే ఉంది. ఆ కార్ఖానాలో అడుగుపెట్టి పద్నాలుగేళ్లయింది. బళ్లో చదివేటప్పుడు బాపుకు టిఫిన్ తెచ్చేదాన్ని. చప్పుడు ఏమీ తగ్గలేదు. తలుపు దాటగానే నా ఊపిరి నాకే వినపడటం మానేసింది.

బాపు చివరి వరుసలో ఉన్నాడు, నన్ను చూడలేదు. ఆయన ముందు ఒక సాంచ ఆగింది. ఆయన వంగాడు, దారాల మీదికి చెయ్యి పోనిచ్చాడు, సగంలో వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ పోనిచ్చాడు, మళ్లీ లాక్కున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలుతో ఎర్రదీపం అద్దాన్ని తుడిచాడు. దాని దగ్గరికి మొహం పెట్టి, చుట్టూ వెలుతురు పడకుండా చేతులు అడ్డం పెట్టి చూశాడు. అట్లా చూస్తూనే మళ్లీ ఒక చెయ్యి దారాల వైపు చాపుతుండగా సాంచ ఒక్కసారిగా కదిలింది. ఆయన చేతికీ దానికీ మధ్య జానెడు ఎడం ఉంది. ఆయన ఎగిరి వెనక్కి పడబోయి, తమాయించుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

దీపం వెలగలేదు. నేను చూశాను, నా కళ్లు బాగానే ఉన్నాయి.

బల్బు పోయిందేమో అనుకున్నాను ముందు. పక్క సాంచ ఆగింది, దాని దీపం కూడా వెలగకుండానే అది కదిలింది. మూడోది కూడా అంతే. ముందు వరుసలో నేనెరగని ముసలాయన ఒకరు బాపుకు వీపు పెట్టి నిలబడి, బనియను అంచుతో తన దీపాన్ని తుడుస్తున్నాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. ఒకరు చేసేది ఇంకొకరు చూడకుండా జాగ్రత్త పడుతున్నారు. నాకు ముప్పై ఒకటో గడి, అందులోని సున్నా గుర్తొచ్చాయి.  నా మొహం మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

బాపు ముందుకెళ్లి పిడికిలి ఎత్తాను. ఆయన ఉలిక్కిపడి సాంచ ఆపాడు. నేను దీపాన్ని చూపించి, వేళ్లు ముడిచి తెరిచి, ఏమైందని అడిగాను. ఆయన మొహం పాలిపోయింది. నా రెక్క పట్టుకుని బయటికి, నూలు బస్తాల దగ్గరికి లాక్కుపోయాడు.

"నీకు మినుకుడు కనవడ్డదా?"

నేను లేదని తల ఊపాను.

"జర మంచిగ చెప్పు. కనవడలేదా? నీకు గూడనా?"

"లేదు బాపూ. అది వెలగనే లేదు." నా పెదవులు ఆయనకు తెలిసేలా మెల్లగా అన్నాను. "ఏ సాంచదీ వెలుగుత లేదు."

ఆయన బస్తా మీద కూలబడ్డాడు. చాలాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"చెవులైతె పోయినయ్. ఇగ కండ్లు గూడ పోతున్నయనుకున్న, మంగళారం సంది. దీపం మినుకుతనే ఉంటది, నాకే కనవడ్తలేదనుకున్న. దవాఖానకు పోతె మీకెర్కైతది. సేఠ్‌కు ఎర్కైతె నిలవెట్టి పొమ్మంటడు. పొమ్మనక ముందుగాల్నే మనమే పోతె ఇజ్జతుంటదని..." తువ్వాలు మడతపెట్టి మోకాలి మీద వేసుకున్నాడు. "రేపటి సంది ఇంట్ల గోడ వట్టుకుని నడుసుడేనా అని రాత్రుల్ల నిద్ర వట్టలే బిడ్డా."

గురువారం పొద్దున ఈ మనిషి మెడ కౌగిలించుకుని నేను సంబరపడ్డాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను, బస్తాలు మోసేవాళ్లు చూస్తున్నా సరే.

"ఎవ్వలికీ చెప్పలేదా? ఎవ్వల్నీ అడగలేదా?" అన్నాను.

"ఏమని అడగాలె? కండ్లు పోయినోన్ని ఎవడు పనిల వెట్టుకుంటడు? రాజేశం మొన్న చాయ్ కాడ నా మొకం దిక్కే చూస్తున్నడు, ఏదో అడుగుదమన్నట్టు. ఏడ కనిపెడ్తడో అని నేనే మొకం తిప్పుకున్న." తువ్వాలు తీసి భుజాన వేసుకుంటూ, "వాని మోకాళ్లు మంచిగనే ఉండె," అన్నాడు.

నాకు ఫోన్లు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. మిస్త్రీలకు, పడుచువాళ్లకు బజర్ వినపడుతుంది గనక వాళ్లకు తేడా తెలియలేదు. తేడా తెలిసినవాళ్లు ప్రతి ఒక్కరూ అది తమ కంటి జబ్బే అనుకుని దాచుకున్నారు.

ధీరజ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఓపికగా విన్నాడు.

"బజర్ పనిచేస్తోంది కదండీ. రూలు ప్రకారం మన తప్పేమీ లేదు. సోమవారం అందరం కూర్చుని మాట్లాడదాం."

"సోమవారం లోపల ఎవరి వేలు తెగినా దాన్ని తెచ్చి మీ టేబుల్ మీద పెడతాను. తప్పు నాది, రూలుది కాదు. పాతవి చెరిపెయ్యమన్నది నేను. ఇప్పుడే పంపనివ్వండి, నన్ను తర్వాత ఏం చేస్తారో చేసుకోండి."

అవతల ఆయన కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత, "పంపండి. నేను ఒప్పుకున్నట్టు రాసుకోండి," అన్నాడు. నెమ్మదస్తుడే గాని చెడ్డవాడు కాదు.

పాత అంకెలు వెనక్కి రావు, అవి ఆ పెట్టెల్లో తప్ప ఎక్కడా లేవు, వాటిని నేను తుడిచేశాను. అందరికీ ఒకే ఒక్క గడి పంపాలి. నూలు బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టి ముప్పై ఒకటో గడిలో ఐదు వేశాను. మైక్రోకోడ్ జోలికి పోలేదు. బాపు నా భుజం మీదుగా తెర చూస్తున్నాడు. ఈ కార్ఖానా పేరు పక్కన పెట్టె అందుకున్నట్టు గుర్తు రాగానే లోపలికి వెళ్లమని సైగ చేశాను.

ఆయన వెళ్లి మొదటి సాంచ ఆపాడు. పెట్టె కొత్త అంకె ఎక్కించుకున్నాక మళ్లీ నడిపి దారం ఒకటి తెంపాడు. ఎర్రదీపం మినుకుమంది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు, ఐదో వేలు మడవగానే సాంచ కదిలింది. మళ్లీ తెంపాడు, మళ్లీ చూశాడు. తను నడిపే ఎనిమిది సాంచాల దగ్గరా అదే పని చేశాడు. తర్వాత ముందు వరుస ముసలాయన భుజం తట్టి, దీపం చూపించి, తన రెండు కళ్లూ చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. తప్పు మన కళ్లది కాదు, అని. ఆ ముసలాయన ముందు కోపంగా చూశాడు, దొంగతనం పట్టుబడినవాడిలా. తర్వాత తన సాంచ దీపం వెలిగేదాకా దాని ముందు నుంచి కదల్లేదు. వెలిగాక అక్కడే నేల మీద చతికిలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఘారీ డబ్బా తెరిచే ధైర్యం నాకు రాలేదు.

బాపు తిరిగి బస్తాల దగ్గరికి వచ్చేసరికి మొహంలో కళ తిరిగొచ్చింది.

"సోమారం డ్యూటీకొస్త," అన్నాడు.

నేను వద్దనలేదు. ఆ మాట ఇక నా నోట రాదు.

"ఇది ఎవలు జేసిండ్రు?" అని అడిగాడు.

వేలు నా గుండె మీద పెట్టుకున్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన తిట్టలేదు, ల్యాప్‌టాప్ వైపు చూశాడు.

"ఎన్ని కార్ఖానలకు పంపినవ్?"

నాలుగు వేళ్లు, ఒక వేలు, రెండు వేళ్లు చూపించాను. ఆయన పెదవులు కదిలాయి, నాలుగు వందల పన్నెండు.

"అండ్ల నా అసొంటోల్లు ఎందరున్నరు? రాజేశం లెక్క పోయినోల్లు ఎందరు?"

నేను తెర వైపు చూశాను. ఏ పెట్టెకు ఎన్ని గంటలకు అందిందో ఉంది. ఏ మగ్గం ఎంతసేపు ఆగిందో ఉంది. ఒక్కో గడీ పచ్చబడుతోంది. అడిగింది మాత్రం అందులో ఎక్కడా లేదు. బాపు జవాబు కోసం నా చేతుల వైపే చూస్తున్నాడు.